నోటి మాట మీద నిలిచిన రిజిస్టరు

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) డైరెక్టరు గారికి, చరిత్ర పాఠ్యపుస్తక సంఘాల సభ్యులకు,

ఢిల్లీ బడుల్లో చాలాకాలం చరిత్ర చెప్పి రిటైరైన ఒక తెలుగు పంతులు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.



2022లో మీరు పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం నుంచి ఒక పాఠాన్ని మొత్తంగా తీసేశారు. దేశ విభజన వెనకున్న రాజకీయం, దాన్ని అనుభవించిన మనుషులు, వాళ్ళ జ్ఞాపకాలు - ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవడం నేర్పిన పధ్నాలుగో పాఠం అది. పిల్లల మీద భారం తగ్గిస్తున్నామని చెప్పారు. సరే, మోయలేని బరువైతే దించాల్సిందే. కానీ 2021 నుంచి ఏటా ఆగస్టు 14న విభజన విషాదాల స్మృతి దినం జరుగుతోంది. రైల్వే స్టేషన్లలో, పోస్టాఫీసుల్లో, పెట్రోలు బంకుల్లో కూడా ఫొటోల ప్రదర్శనలు పెట్టారు. 2025 ఆగస్టులో మీ మండలే ఆ రోజు కోసం ప్రత్యేక పాఠం తయారుచేసి, విభజనకు దోషులు ముగ్గురని తేల్చింది: జిన్నా, కాంగ్రెస్, మౌంట్‌బాటెన్. మూడు పేర్లూ ఒక్క వాక్యంలో పట్టాయి. కోటిమందికి పైగా మనుషులు ఇళ్ళు వదిలి నడిచిన సంగతి మాత్రం పిల్లలకు బరువైపోయిందా?

విభజనను గుర్తుపెట్టుకోమని దేశానికి చెబుతూ, గుర్తున్నవాళ్ళను ఎలా ప్రశ్నించాలో నేర్పే పాఠాన్ని తీసేయడం నాకు అంతుపట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పాఠాన్ని నేను ఏళ్ళ తరబడి చెప్పాను. అది ఎలా మొదలవుతుందో మీకు గుర్తుండే ఉంటుంది. 1992 చలికాలంలో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వెళ్ళిన ఒక భారతీయ పరిశోధకుడికి అక్కడి లైబ్రరీ ఉద్యోగి ఒకాయన అడగకుండానే సాయం చేస్తూ ఉంటాడు. ఎందుకయ్యా అంటే, 1947లో జమ్మూ దగ్గర పల్లెలో తన తండ్రి ప్రాణాలు కాపాడిన ఒక హిందూ ముసలమ్మ ఋణం తీర్చుకుంటున్నానంటాడు. ఆ పాఠంలోనే పెషావరు నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఉన్నాడు. కటక్‌లో చిన్న ఉద్యోగం దొరికిందని సంబరపడి, ఇంతకూ ఆ కటక్ హిందుస్థానానికి ఎగువనుందా దిగువనుందా అని ఆరా తీస్తాడు. గోధుమలు కొన్న ధరకే అమ్మేసి, ఖాళీ గోనెసంచులు అమ్ముకోగా వచ్చిన చిల్లరతో పొట్టపోసుకున్న శరణార్థి ఉన్నాడు. ఆ గోనెసంచుల మనిషి దగ్గర మా క్లాసు ఎప్పుడూ కాసేపు ఆగేది. లెక్కల్లో ఆరితేరిన పిల్లలు కూడా ఆ లాభం ఎక్కడిదో పట్టుకోవడానికి రెండు నిమిషాలు తీసుకునేవాళ్ళు. పట్టుకున్నాక ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు. ఏ ప్రదర్శన బోర్డు ఈ పని చేయగలదు?

పంజాబీ శరణార్థుల పునరావాసం మీద సర్కారు చెప్పుకున్న చరిత్రకు లోటు లేదు. ఎం.ఎస్. రణధావా 1954లో రాసిన 'ఔట్ ఆఫ్ ది యాషెస్' ఉంది. 1967లో పునరావాస శాఖ తరఫున యు. భాస్కరరావు రాసిన 'ది స్టోరీ ఆఫ్ రిహాబిలిటేషన్' ఉంది. అవి గట్టి పుస్తకాలే. వాటిని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. అప్పుడే పుట్టిన ప్రభుత్వం, ఖజానా అంతంతమాత్రంగా ఉన్న ప్రభుత్వం, ఒక్క కురుక్షేత్ర శిబిరంలోనే దాదాపు మూడు లక్షలమందికి గుడారాలు వేసి అన్నం పెట్టింది. 1941లో 9.18 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951కి 17.44 లక్షలైంది. అంతమందికి నీళ్ళు, గూడు, పని చూపించడం సామాన్యమైన విషయం కాదు. ఫరీదాబాద్, నీలోఖేడీ, రాజ్‌పురా వంటి ఊళ్ళు అలా లేచినవే.

అయితే ఆ పుస్తకాలన్నీ ఒకే మెట్టు దగ్గర ఆగిపోతాయి. బూడిదలోంచి లేచారు, నిలబడ్డారు, ఫైలు మూశాం. ఫైలు మూయడం శాఖ పని. దాన్ని తెరవడం ఎవరి పని? చరిత్ర పుస్తకం రాసేవాళ్ళది కాదా?

ఇప్పుడు మీరు జవాబు చెప్పాల్సిన అసలు మాటకు వస్తాను. మౌఖిక సాక్ష్యం నమ్మదగింది కాదనీ, ముసలివాళ్ళ మాటలు చరిత్ర కావనీ మీలో కొందరి అభిప్రాయమని విన్నాను. అలాగైతే తూర్పు పంజాబులో భూములు ఎలా పంచారో ఒకసారి గుర్తుచేసుకోండి. అటు నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు 67 లక్షల ఎకరాలు వదిలివచ్చారు. ఇటు నుంచి వెళ్ళిపోయిన ముస్లింలు వదిలిన భూమి 47 లక్షల ఎకరాలే. ఎవరికెంత ఉండేదో రాసి ఉన్న దస్తావేజులు సరిహద్దుకు అవతలే ఉండిపోయాయి. అప్పుడు పునరావాస అధికారి తర్లోక్ సింగ్, ఆయన సిబ్బంది ఏం చేశారు? మీకేముండేదో రాసివ్వండి అని శరణార్థులనే అడిగారు. 1948లో నెల తిరిగేలోపు ఐదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఒక ఊరి నుంచి వచ్చినవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కొక్క దరఖాస్తునూ అధికారి బిగ్గరగా చదివాడు. ఔనంటే ఔననీ, కాదంటే కాదనీ ఊరే తేల్చింది. ఎక్కువ రాసుకున్నవాడికి కోత పడింది. మరీ బరితెగించినవాడు జైలుకు కూడా వెళ్ళాడు.

ఆ తర్వాతే లెక్కలు. సుమారు నాలుగు క్వింటాళ్ళ పంట ఇచ్చే నేలను ఒక 'స్టాండర్డ్ ఎకరా' అన్నారు. కాలువ కింది ఎకరం దాదాపు ఎకరమే అయితే, మెట్టప్రాంతంలో అలాంటి ఒక్కదానికి నాలుగెకరాలు కొలవాల్సి వచ్చింది. భూమి చాలదు కాబట్టి మెట్లవారీ కోతలు పెట్టారు. మొదటి పదెకరాల మీద 25 శాతంతో మొదలై, ఐదువందల ఎకరాలు దాటిన భాగం మీద 95 శాతం దాకా. 1949 నవంబరు నాటికి రెండున్నర లక్షల కేటాయింపులు పూర్తయ్యాయి. దేశం గర్వించాల్సిన పనే. కానీ ఆ రిజిస్టరులో మొదటి అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది? ఊరు విడిచివచ్చిన మనుషుల గుర్తులోంచి, తోటివాళ్ళ ముందు పలికిన నోటి మాటలోంచి వచ్చింది. కాగితం ఆ తర్వాత పుట్టింది. లక్షల ఎకరాలు పంచడానికి పనికొచ్చిన జ్ఞాపకం, పదిహేడేళ్ళ పిల్లవాడికి పాఠం చెప్పడానికి పనికిరాకుండా పోయిందా?

అలాగని జ్ఞాపకమే నిజం, ప్రభుత్వ కాగితం అబద్ధం అని నేను చెప్పను. జ్ఞాపకం ఎంత గడుసుదో నాకు ఇంట్లోనే తెలిసింది. లాజ్‌పత్ నగర్‌లో డాబా మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటి యజమానురాలు లయల్‌పూర్ కాలువ ఊళ్ళ నుంచి వచ్చినావిడ. అందరూ 'బీజీ' అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ ముందు శరణార్థి అనే మాట అనకూడదు. "శరణార్థులం కాదు బేటా, పురుషార్థులం" అని దిద్దేది. "మాకెవరూ దమ్మిడీ ఇవ్వలేదు. మా రెక్కలే మమ్మల్ని నిలబెట్టాయి" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కూర్చుని ఉన్న అరుగు, ఆనుకున్న గోడ, పైన నా గది లేచిన స్థలం - అన్నీ ప్రభుత్వం కాలనీ కట్టి పంచితే వచ్చినవే. సర్కారు పుస్తకం మొత్తం ఘనత తన ఖాతాలో వేసుకుంటుంది. కుటుంబం మొత్తం ఘనత తన ఖాతాలో వేసుకుంటుంది. ఈ రెండు ఖాతాలనూ ఒకే బల్ల మీద పెట్టి సరిచూసే పని పాఠశాల కాకపోతే ఎవరు చేస్తారు?

ఒక మధ్యాహ్నం, మీరు తీసేసిన ఆ పాఠాన్నే ఆవిడకు హిందీలో చదివి వినిపించాను. విని చాలాసేపు ఊరుకుంది. తర్వాత, దరఖాస్తులు తేల్చిన తమ ఊరి సభ గురించి చెప్పింది. జలంధర్‌లో గుడారాల మధ్య వాళ్ళ నాన్న దరఖాస్తు చదువుతుంటే, సొంత చిన్నాన్నే లేచి నిలబడి, బావి పక్క చేను తాకట్టులో ఉండేదని చెప్పేశాడట. ఆ చేను లెక్కలోంచి పోయింది. అన్నదమ్ములు చచ్చేదాకా మాట్లాడుకోలేదు. "పాకిస్తాన్ మా భూమి పట్టుకుపోయింది. సభ మా చాచాను పట్టుకుపోయింది" అంది. పునరావాస రికార్డుల్లో ఆ సభ విజయవంతమైన పరిశీలన. దరఖాస్తు సరిదిద్దబడింది. చాచా ఆ కాగితంలో ఎక్కడా లేడు.

మరోసారి ట్రంకుపెట్టెలోంచి శిబిరం నాటి రేషన్ కాగితం తీసి చూపించింది. అందులో కుటుంబ సభ్యులు ఐదుగురు. ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినీ ఆవిడ వేళ్ళ మీద లెక్కపెడితే ఆరుగురొచ్చారు. ఆరో వేలు దగ్గర ఆగి, పాలు పొంగుతాయేమో చూసొస్తానని లేచి వెళ్ళింది. ఆ తర్వాత ఆ లెక్క ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మన అమ్మమ్మలకు తెలుసు, వాళ్ళ అమ్మమ్మలకూ తెలుసు.

ఆ ఆరో వేలు గురించి ప్రభుత్వం దగ్గర ఏ భాష ఉండేదో చరిత్ర చదివినవాళ్ళు మీరు, మీకు తెలియనిది కాదు. ఉభయ దేశాల్లోనూ అపహరణకు గురైన ఆడవాళ్ళను వెనక్కి తెచ్చే కార్యక్రమం నడిచింది. 1949లో మన రాజ్యాంగ సభ చట్టసభగా కూర్చుని అందుకోసం చట్టం చేసింది. పదహారేళ్ళ లోపు ముస్లిం మగపిల్లవాడైనా, ఏ వయసు ముస్లిం స్త్రీ అయినా, నిర్ణయించిన తేదీల మధ్య తనవాళ్ళ నుంచి విడిపోయి వేరే మనిషి దగ్గరో, వేరే కుటుంబం దగ్గరో కనిపిస్తే 'అపహృత వ్యక్తి' అవుతారు. అరవయ్యేళ్ళ స్త్రీకీ, పదేళ్ళ పిల్లవాడికీ ఒకే నిర్వచనం. నీకు వెళ్ళాలనుందా, ఉండాలనుందా అని ఆమెను అడగాల్సిన పని లేదు. ఆమెను శిబిరంలో ఉంచడాన్ని ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించకూడదు. 1954 నాటికి దాదాపు 30,000 మంది స్త్రీలను అటూ ఇటూ చేర్చారు. ఈ సంఖ్య రికార్డు చెబుతుంది. చేర్చాక ఎంతమంది ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయో, ఎంతమంది రెండోసారి నిరాశ్రయులయ్యారో చెప్పదు. భర్తలు చనిపోయిన ఆడవాళ్ళకు పునరావాస శాఖ పెట్టిన పేరు 'అన్‌అటాచ్డ్ విమెన్'. ఎవరికీ చెందని ఆడవాళ్ళన్నమాట. ఆ పేరును ఆడపిల్లలున్న తరగతిలో చదివి, ఎందుకు అలా పిలిచి ఉంటారో చెప్పండమ్మా అని అడగడానికి మీకు భయమా?

ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భసీన్‌ల పుస్తకాలు 1998లో వచ్చేదాకా, అంటే యాభై ఏళ్ళు గడిచేదాకా, ఈ స్త్రీల మాటలకు చరిత్రలో చోటు దొరకలేదు. పాఠ్యపుస్తకంలోకి రావడానికి మరో దశాబ్దం పట్టింది. అక్కడ నిండా రెండు దశాబ్దాలైనా ఉండనివ్వలేదు మీరు.

రికార్డుకు అందనివాళ్ళు స్త్రీలొక్కరే కారు. పరిహారం కావాలంటే పోగొట్టుకున్నది చూపించాలి. చూపించడానికి భూమి ఉండాలి. పశ్చిమ పంజాబులో దళితులకు భూమి ఎక్కడిది? 1900 నాటి భూ బదలాయింపు చట్టం వ్యవసాయ కులాలుగా గుర్తించిన వారికే పొలం కొనే వీలిచ్చింది, ఆ జాబితాలో వాళ్ళు లేరు. రవీందర్ కౌర్ ఢిల్లీ పంజాబీల మీద 2007లో వెలువరించిన పరిశోధనలో ఈ సంగతి కళ్ళకు కడుతుంది. ఉన్నవాళ్ళు కొందరు విమానంలో దిగారు, లేనివాళ్ళు నడిచారు, అంటరానివారికి కాలనీ కూడా విడిగానే వచ్చింది. మా బడికి కరోల్‌బాగ్ నుంచి వచ్చే ఒక కుర్రాడు ఇంటర్వ్యూ హోంవర్కుగా నాలుగే వాక్యాలు రాసుకొచ్చాడు. వాళ్ళ తాత చెప్పులు కుట్టేవాడు. క్లెయిము ఫారం నింపలేదు, నింపడానికి ఏమీ లేదు కాబట్టి. ఇంకొంచెం వివరంగా రాయొచ్చు కదరా అన్నాను. "ఫారం లేకపోతే వివరం ఎక్కడినుంచొస్తుంది సార్" అన్నాడు. ఆ రోజు పాఠం వాడే చెప్పాడు, నేను విన్నాను.

నా తప్పొకటి కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. హోంవర్కు ఇచ్చేటప్పుడు, మీ ఇంట్లో పాకిస్తాన్ నుంచి వచ్చిన పెద్దలుంటే అడిగి రాయండి అని చెప్పేవాణ్ణి. ఒకసారి పాత ఢిల్లీ నుంచి వచ్చే ముస్లిం కుర్రాడు గంట కొట్టాక నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాళ్ళ నాన్నమ్మ ఎక్కడి నుంచీ రాలేదు. ఢిల్లీలోనే పుట్టింది. 1947లో పహాడ్‌గంజ్ ఇంటి నుంచి పారిపోయి పురానా ఖిలా శిబిరంలో తలదాచుకుంది. తిరిగి వెళ్ళేసరికి ఇంట్లో వేరే కుటుంబం పొయ్యి వెలిగించుకుని ఉంది. "సార్, మా దాదీది విభజన కిందికి వస్తుందా?" అని అడిగాడు. ఆ పొయ్యి వెలిగించుకున్నవాళ్ళు కూడా సర్వం పోగొట్టుకుని వచ్చినవాళ్ళే అయ్యుంటారు. ఒకరి పునరావాసం మరొకరి నిర్వాసం మీద నిలబడిందన్న సంగతి సర్కారు పుస్తకాల్లో 'ఎవాక్యుయీ ఆస్తి' (వెళ్ళిపోయినవాళ్ళు వదిలిన ఆస్తి) అన్న రెండు ముక్కల వెనక దాక్కుంటుంది. బీజీ జ్ఞాపకాల్లోనైతే ఆ మాటే లేదు. నా హోంవర్కులోనూ లేదు. మరుసటి ఏడాది ప్రశ్న మార్చాను. మీ ప్రత్యేక పాఠంలో ఆ దాదీకి చోటుందా? విషాదాల స్మృతి దినం ఆమె విషాదాన్ని కూడా స్మరిస్తుందా?

దోషుల పేర్లు బట్టీ పడితే కోపం వస్తుంది. పది ఇళ్ళకు వెళ్ళి పదిమంది ముసలివాళ్ళ మాటలు రాసుకొస్తే అనుమానం వస్తుంది. వీళ్ళు చెప్పింది ఎంతవరకు నిజం, ఎందుకిలా చెబుతున్నారు, ఏం దాస్తున్నారు అన్న అనుమానం. చరిత్ర చదువుకు మొదటి మెట్టు ఆ అనుమానమే. పిల్లల్లో ఏది పెరగాలని మీ కోరిక?

ఎక్కడో పంజాబు గొడవ ఈ తెలుగువాడికెందుకని మీకు అనిపించవచ్చు. కానీ మా రెండు తెలుగు రాష్ట్రాల్లో సీబీఎస్‌ఈ బడుల పిల్లలు చదివేది మీ పుస్తకాలే. వాళ్ళలో శ్రీశైలం, నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఊళ్ళు పోయిన ఇళ్ళవాళ్ళున్నారు, పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళున్నారు. పట్టా ఉన్నవాడికి పరిహారం, పట్టా లేనివాడికి దండం అన్న సూత్రం వాళ్ళకు కొత్త కాదు. 1948లో హైదరాబాదు సంస్థానంలో జరిగిన హింస మీద సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు జనం కంటపడలేదు. అన్ని ఏళ్ళూ ఆ జ్ఞాపకాన్ని మోసింది ఎవరు? ఊళ్ళలోని ముసలివాళ్ళే. కాగితానికీ జ్ఞాపకానికీ మధ్య ఎలా నడవాలో పంజాబు పాఠంలో నేర్చుకున్న పిల్లలు తమ ఊరి సంగతి కూడా నిదానంగా, ద్వేషం లేకుండా అడగగలుగుతారు. నేర్చుకోనివాళ్ళ చేతికి ఫోనులో ఎవరో ఒకరు ఒక వీడియో పంపుతారు.

కొత్త విద్యావిధానం ప్రకారం మీరు తరగతి తర్వాత తరగతికి కొత్త పుస్తకాలు తెస్తున్నారు. అందుకని నా విన్నపాలు మూడు. విభజన పాఠాన్ని పన్నెండో తరగతిలోకి తిరిగి తెండి. పాతదే పెట్టమని అడగను, కొత్తగా రాయండి, ఇంకా బాగా రాయండి. అందులో ఒక పేజీ మీద పునరావాస శాఖ రికార్డునూ, ఎదురు పేజీ మీద ఆ రికార్డులో పేరున్న మనిషో, పేరు లేని మనిషో చెప్పిన మాటనూ పెట్టండి. ఏది నిజమో మీరు చెప్పకండి. చివరగా, తాము ఎవరిని అడిగారో, ఎవరిని అడగడం మరిచారో రాసే పనిని పిల్లలకు హోంవర్కుగా ఇవ్వండి. ఆ చివరి ప్రశ్న విలువ నాకొక పిల్లవాడు నేర్పాడు.

బీజీ పోయింది. ఆ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు లేపారు. 1947ను పెద్దవాళ్ళుగా చూసినవాళ్ళు ఇంచుమించు అందరూ వెళ్ళిపోయారు. అప్పటి పిల్లలు మాత్రం ఎనభై దాటిన వయసులో అక్కడొకరు, ఇక్కడొకరు మిగిలారు. కొత్త పుస్తకం సిద్ధమయ్యే లోపు వాళ్ళూ ఉండకపోవచ్చు. 1948లో ఒక అధికారి గుడారాల మధ్య నిలబడి, ఊరి వాళ్ళందరి ముందు దరఖాస్తు బిగ్గరగా చదివి, ఇది నిజమేనా అని అడిగాడు. ఒకడు లేచి కాదన్నాడు. సర్కారు తన కాగితం దిద్దుకుంది. ఆ సభను మళ్ళీ తరగతి గదిలో కూర్చోబెట్టమనే నేను అడుగుతున్నది. మీ పుస్తకాన్ని బిగ్గరగా చదవండి. లేచి కాదనే పిల్లవాడికి ఒక పీరియడు వదిలిపెట్టండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయుడు